నయాగరా బస్సుల్లో ఒకటి క్లైన్‌బర్గ్ వైపు తిప్పండి: కెనడా తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

వేసవి రాగానే ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల కోసం మీరు నయాగరాకి బస్సులు వేస్తారు. ఈసారి వాటిలో ఒకదాన్ని క్లైన్‌బర్గ్‌లోని మెక్‌మైకేల్ చిత్రకళా గ్యాలరీకి మళ్ళించమని అడగడానికే ఈ ఉత్తరం. మా బ్రాంప్టన్‌కి అది దగ్గరే. ఒంటారియో ప్రభుత్వ సంస్థ, మన పన్నుల డబ్బు కూడా అందులో ఉంది. అయినా మన సంఘం వాట్సాప్ గ్రూపుల్లో ఆ పేరు నేనెప్పుడూ చూడలేదు. ఇంకో రెండు మూడు సంగతులు కూడా అడగాలని ఉంది. వరసగా చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

ఈమధ్య మన సభలన్నిటా జ్యోతి వెలిగించే ముందు ల్యాండ్ అక్నాలెడ్జ్‌మెంట్, అంటే ఈ నేల మొదటినుంచీ ఫలానా మూలవాసులదని ఒప్పుకునే ప్రకటన, చదువుతున్నారు. హాలు ఇచ్చినవాళ్ళు అడిగారనో, గ్రాంటు దరఖాస్తులో బాగుంటుందనో, ఎలాగైతేనేం మొదలైంది. మంచిదే. పట్టుచీరలో ఉన్న యాంకరమ్మ ఫోన్ చూసుకుంటూ మిసిసాగాస్ ఆఫ్ ది క్రెడిట్, అనిషినాబే, హోడెనోషోనీ, వెండాట్ అని తడబడుతూ చదివేసి, గండం గట్టెక్కినట్టు ఊపిరి పీల్చుకుని "ఇప్పుడు ప్రార్థనా గీతం" అంటుంది. హాల్లో సగం మంది అప్పటికింకా సమోసాల దగ్గరే ఉంటారు. ఒకసారి నా పక్కన కూర్చున్న పెద్దాయన, వరంగల్ నుంచి కొడుకు దగ్గరికి వచ్చారట, మెల్లిగా అడిగారు: "ఎవరమ్మా వీళ్ళు? ఇంకా ఉన్నారా?"

ఉన్నారు. ఆ ప్రశ్నకి సరైన జవాబు మన యాంకరమ్మ ఫోన్‌లో లేదు, గ్యాలరీ గోడల మీద ఉంది. అందుకే బస్సు అడుగుతున్నాను.

మెక్‌మైకేల్ అంటే ముందు గ్రూప్ ఆఫ్ సెవెన్ గుర్తొస్తారు. కెనడా అడవుల్నీ సరస్సుల్నీ మంచునీ గీసి పేరు తెచ్చుకున్న తెల్లవాళ్ళు. వాళ్ళలో ఆరుగురి సమాధులు ఆ ఆవరణలోనే ఉన్నాయి. చక్కటి బొమ్మలు, కాదనను. చెట్లున్నాయి, బండలున్నాయి, మబ్బులున్నాయి. మనుషులు మాత్రం అరుదు. ఆ అడవిలో తరతరాలుగా బతుకుతున్నవాళ్ళు ఏమయ్యారని సందేహం వస్తే, అదే గ్యాలరీ సేకరణలో అనిషినాబే చిత్రకారుడు నార్వల్ మోరిసో బొమ్మలు చూడాలి. నల్లటి మందపాటి గీత, దాని లోపల గీసిన పొట్ట, పొట్టలో ఇంకో ప్రాణి. చేపకీ మనిషికీ పక్షికీ మధ్య నరాల్లాంటి గీతలు సాగుతుంటాయి. రంగులు ఎక్కడా మొహమాటపడవు. సంతకం ఇంగ్లీషులో ఉండదు, 'రాగి ఉరుముపక్షి' అన్న తన పేరుని క్రీ అనే మూలవాసీ భాష లిపిలో పెట్టేవాడు. 1979లో ఈ గ్యాలరీ ఆవరణలోనే, ఒకప్పుడు టామ్ థామ్సన్ అనే పేరున్న కెనడా చిత్రకారుడు బొమ్మలు వేసుకున్న చెక్క గుడిసెలో, ఈయన కూడా కొన్నాళ్ళు ఉండి పని చేశాడు.

మోరిసో బొమ్మలు టొరంటోలో ఒక ప్రైవేటు గ్యాలరీలో పెడితే మొత్తం అమ్ముడుపోయాయి. అది 1962. ఒట్టావాలోని నేషనల్ గ్యాలరీ ఆయన ఒక్కడి బొమ్మలతో ప్రదర్శన పెట్టింది 2006లో. ఆ గ్యాలరీ 1880లో పుట్టింది. ఒక ఫస్ట్ నేషన్స్ (ఇక్కడి మూలవాసీ జాతుల) కళాకారుడికి అక్కడ సొంత ప్రదర్శన దక్కడం అదే మొదటిసారి. లెక్క మీరే కట్టుకోండి. మరుసటి ఏడాది ఆయన చనిపోయాడు.

ఇంత ఆలస్యం ఎందుకైందంటే, ఆ రోజుల్లో మూలవాసులు ఏం చేసినా అది ఆర్ట్ గ్యాలరీకి కాదు, మానవ జాతుల చరిత్ర చూపే మ్యూజియం ఆఫ్ మ్యాన్‌కి వెళ్ళేది. కుండలు, బాణాలు, ఎముకల పక్కకి. బతికున్న మనిషి నిన్న వేసిన బొమ్మకీ అదే అర. రాబర్ట్ హూల్ అనే చిత్రకారుడు ఆ మ్యూజియంలో సమకాలీన మూలవాసీ కళకి క్యురేటర్‌గా చేరి, పవిత్రమైన వస్తువుల్ని వాళ్ళు చూసే తీరు భరించలేక 1980లో ఉద్యోగం వదిలేసి వచ్చాడు. అంతకుముందే 1973లో విన్నిపెగ్‌లో డాఫ్నీ ఓజిగ్, మోరిసో, జాక్సన్ బియర్డీ, అలెక్స్ జాన్వియే మొదలైన ఏడుగురు కలిసి సంఘం పెట్టుకున్నారు. మనలాగా రిజిస్ట్రేషను చేయించుకున్న సంఘమే. పత్రికలవాళ్ళు దానికి 'ఇండియన్ గ్రూప్ ఆఫ్ సెవెన్' అని పేరు పెట్టేశారు. సంఘాలు నడిపేవాళ్ళు కాబట్టి మీకు ఈ కథ ప్రత్యేకంగా చెప్తున్నాను: ఎవరూ పిలవకపోతే ఆ ఏడుగురు తమ వేదిక తామే కట్టుకున్నారు. బ్యాంకు మేనేజర్ల దగ్గరా గ్యాలరీల దగ్గరా ఒక్కొక్కళ్ళుగా నిలబడితే ఎవరూ పట్టించుకోవడం లేదని.

వాళ్ళలో జాన్వియే బొమ్మల్ని దగ్గరగా చూడమని మనవాళ్ళకి చెప్పండి. తన పేరు పక్కన 287 అని ఉంటుంది, కొన్నిటి మీద అంకె ఒక్కటే. మూలవాసులతో చేసుకున్న ఒప్పందం కింద ప్రభుత్వం అతనికిచ్చిన నంబరు అది. ఎనిమిదేళ్ళప్పుడు ఇంటి నుంచి తీసుకుపోయి, మూలవాసీ పిల్లల్ని అయినవాళ్ళకి దూరంగా ఉంచే రెసిడెన్షియల్ స్కూల్లో పడేశారు. బొమ్మలు వేయడం గట్టిగా పట్టుకున్నది అక్కడే. ప్రభుత్వం దృష్టిలో నేనొక అంకెనైతే అదే నా సంతకం అనుకుని, చాలా ఏళ్ళు అలాగే సంతకం పెట్టాడు. వంపులు తిరిగే సన్నటి గీతలు, లేత రంగులు, అంత అందం కింద మూలన ఆ అంకె. మన పిల్లలు ఎక్కడికి వెళ్ళినా ఎస్‌ఐఎన్ నంబరు, పీఆర్ కార్డు నంబరు పట్టుకుని తిరుగుతారు కదా, ఆ బొమ్మ ముందు వాళ్ళకి ఎవరూ వివరించాల్సిన పని ఉండదు.

నేషనల్ గ్యాలరీ ఒక మూలవాసీ కళాకారుడి పనిని సమకాలీన కళగా గుర్తించి మొదటిసారి కొన్నది 1986లో, కార్ల్ బీమ్ వేసిన 'ది నార్త్ అమెరికన్ ఐస్‌బర్గ్'. అంటే మనలో చాలామంది పుట్టాక.

ఇక అనిషినాబే కళాకారిణి రెబెక్కా బెల్మోర్. 1988లో కాల్గరీలో శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. దాని సందడిలో గ్లెన్‌బో మ్యూజియం మూలవాసుల పురాతన వస్తువులతో 'ది స్పిరిట్ సింగ్స్' అని పెద్ద ప్రదర్శన పెట్టింది. ప్రధాన స్పాన్సరు షెల్ కంపెనీ. అదే షెల్, లూబికాన్ క్రీ ప్రజలు తమదని పోరాడుతున్న నేలలో చమురు తవ్వుతోంది. వాళ్ళ పూర్వీకుల వస్తువులు అద్దాల పెట్టెల్లో, వాళ్ళ నేల తవ్వకం యంత్రాల కింద. థండర్ బేలో బెల్మోర్ ఏం చేసిందంటే, ఎముకలు కొరికే చలిలో గ్యాలరీ బయట నేల మీద కాళ్ళు మడిచి, మ్యూజియం వస్తువుకి వేసినట్టు తనకి తనే ఒక నంబరు తగిలించుకుని, రెండు గంటలు కదలకుండా కూర్చుంది. దాని పేరు 'ఆర్టిఫాక్ట్ 671బి'.

దాని గురించి మొదట చదివినప్పుడు నాకు అరకు మ్యూజియం గుర్తొచ్చింది. మనమంతా స్కూలు టూరులో వెళ్ళినదే. మట్టి బొమ్మల ఆదివాసులు థింసా ఆడుతుంటారు, వంట చేస్తుంటారు, మనం ఫోటోలు తీసుకుంటాం. బయటికి వస్తే నిజం మనిషి బొంగు చికెన్ అమ్ముతుంటాడు, అతనితో బేరమాడతాం. అతని ఇంట్లో ఎవరైనా బొమ్మలు వేస్తారేమో, వాటిని హైదరాబాద్‌లో ఏదైనా గ్యాలరీ గోడకి తగిలించిందేమో మనం అడిగిన పాపాన పోలేదు. ఆ చూపునే సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడికి వచ్చాం.

2013లో ఒట్టావా నేషనల్ గ్యాలరీ 'సకహాన్' పేరుతో ప్రపంచ మూలవాసుల సమకాలీన కళని పరిచింది. 16 దేశాల నుంచి 80 మందికి పైగా కళాకారులు. అందులో వెంకట్ రామన్ సింగ్ శ్యామ్ కూడా ఉన్నారు. మధ్యప్రదేశ్ గోండు చిత్రకారుడు, ఒకప్పుడు ఢిల్లీలో సైకిల్ రిక్షా తొక్కినవాడు. మన ఆదిలాబాద్ కొండల్లో ఉన్నదీ ఆ గోండులే. సినిమా హీరో వస్తే పియర్సన్ ఎయిర్‌పోర్టుకి పూలదండలతో వెళ్తాం కదా, ఆ ప్రదర్శన గురించి మన పత్రికల్లో, మన గ్రూపుల్లో ఒక్క ముక్క వచ్చినట్టు నాకు గుర్తులేదు.

నల్లజాతి కళాకారుల సంగతి రాయడానికి కాస్త కష్టంగా ఉంది, ఎందుకంటే మన ఇళ్ళలో మాటలు మీకూ తెలుసు. ఇల్లు కొనేటప్పుడు "ఆ ఏరియాలో వాళ్ళు ఎక్కువండీ" అనే ఏజెంటు, "వాడితో స్నేహం ఎందుకురా" అనే నాన్న. మన పిల్లలకి నచ్చే పాటలు, బూట్లు, బాస్కెట్‌బాల్ మాత్రం వాళ్ళవే కావాలి. ఈ పెద్దమనుషుల తీరుకి ఒక పాత ఉదాహరణ టొరంటోలోనే ఉంది.

1989లో రాయల్ ఒంటారియో మ్యూజియం 'ఇన్‌టు ది హార్ట్ ఆఫ్ ఆఫ్రికా' అని ప్రదర్శన పెట్టింది. కెనడా సైనికులు, మత ప్రచారకులు ఆఫ్రికా నుంచి తెచ్చిన వస్తువులు. అందులో ఒక పెద్ద పాత బొమ్మ: గుర్రం మీద ఉన్న బ్రిటిష్ సైనికుడు జులూ యోధుడి గుండెల్లో కత్తి దించుతున్నాడు. వలస పాలకుల్ని వెటకారం చేయడానికే పెట్టామని మ్యూజియం అంది. వెటకారం పక్కన రాసిన మాటల కొటేషన్ గుర్తుల్లో ఉంది, కత్తి మాత్రం గోడ నిండా ఉంది. స్కూలు పిల్లలు, అందులో నల్ల పిల్లలు, టీచరు వెంట దాని ముందు నిలబడాలి. నల్లజాతి టొరంటోవాసులు వారాల తరబడి మ్యూజియం మెట్ల ముందు నిరసన చేశారు, కొందరు అరెస్టయ్యారు. క్షమాపణ వచ్చింది 2016 నవంబరులో.

దాని తర్వాత 2018లో అదే మ్యూజియంలో నల్లజాతి కెనడియన్ సమకాలీన కళాకారుల ప్రదర్శన 'హియర్ వుయ్ ఆర్ హియర్' జరిగింది. అందులో షాంటల్ గిబ్సన్ చేసిన పనిని ముఖ్యంగా మీకు చెప్పాలి. టూరిస్టు కొట్లలో అమ్మే సావనీర్ చెంచాలు తెలుసుగా, పిడి మీద ఊరి పేరు, మేపుల్ ఆకు, రాణిగారి తల ఉండేవి? అలాంటివి రెండు వేల దాకా సేకరించి, ఒక్కోదానికీ నల్లరంగు పూసి గోడ మీద పేర్చింది. దూరం నుంచి అన్నీ ఒకటే. దగ్గరికి వెళ్తేనే ఒక్కోదాని నగిషీ తేలుతుంది, ఏ రెండూ ఒకటి కావు. ఎస్మా మొహముద్ అని లండన్ ఒంటారియో అమ్మాయి బాస్కెట్‌బాల్ జెర్సీలకి రాణులు వేసుకునే గేరు గౌన్లు కలిపి కుట్టి నల్లజాతి కుర్రాళ్ళకి తొడిగింది. మీ ఇంట్లో రాప్టర్స్ పిచ్చి ఉన్న పదిహేనేళ్ళవాణ్ణి ఆ ఫోటోల ముందు నిలబెట్టండి. నవ్వుతాడు మొదట. నవ్వనివ్వండి.

చెంచాల మాట వచ్చింది కాబట్టి మన మెమెంటోల దగ్గరికి వస్తాను. ఒక సంఘం వార్షికోత్సవంలో ముఖ్య అతిథికి శాలువా కప్పి 'నేటివ్ ఆర్ట్' అని ఒక టోటెమ్ స్తంభం బొమ్మ ఇచ్చారు. తిరగేస్తే అడుగున ఏదో దూరదేశపు ఫ్యాక్టరీ స్టిక్కరు. చెక్క కూడా కాదు, రెసిన్. ఆ అతిథి ఎంతో మర్యాదగా ఫోటో దిగారు. ఇదేదో చిన్న విషయమని మీకనిపించవచ్చు. కానీ మోరిసో పేరు మీద ఏళ్ళ తరబడి నడిచిన నకిలీ బొమ్మల పరిశ్రమ గురించి వినే ఉంటారు. 2023 మార్చిలో పోలీసులు ఎనిమిది మంది మీద కేసులు పెట్టారు, వెయ్యికి పైగా బొమ్మలు స్వాధీనం చేసుకున్నారు. దోషిగా ఒప్పుకున్న ఒకడికి ఐదేళ్ళ జైలు పడింది. అసలు మనిషికి సొంత ప్రదర్శన కోసం నేషనల్ గ్యాలరీ తలుపు చనిపోయే ముందు ఏడాది దాకా తెరవలేదు, ఆయన పేరుకి గిరాకీ పుట్టాక నకిలీలకి మాత్రం కొరత లేకపోయింది.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకుందాం, మనం లెక్కలు రాని జాతేం కాదు. ఆర్కిటిక్ మూలవాసులైన ఇన్యూట్ కళాకారిణి కెనోజువాక్ అషెవాక్ 1960లో వేసిన 'ఎన్‌చాంటెడ్ ఔల్' ప్రింటు అప్పట్లో 24 డాలర్లకి అమ్మారు. తర్వాత ఒకరు దాన్నే 58,650 డాలర్లకి తిరిగి అమ్ముకున్నారు. అందులో ఆమెకి వాటా ఏమీ లేదు, ఎందుకంటే ఆ హక్కు అప్పుడు చట్టంలో లేదు. ఆస్ట్రేలియాలో 2010 నుంచి, బొమ్మని మార్కెట్లో తిరిగి అమ్మినప్పుడు కళాకారులకి 5 శాతం ఇవ్వాలని చట్టం ఉంది. అక్కడి ఆదివాసీ చిత్రకారులకి దాంతో ఎంతో మేలు. ఇక్కడ కళాకారుల సంఘం కార్‌ఫాక్ ఎన్నో ఏళ్ళుగా దీని కోసం పోరాడుతోంది. ఎన్నికలప్పుడు మన వేదికల మీదికి ఎంపీలు వస్తారు, బొట్టు పెట్టించుకుంటారు, "నమస్కారం" అని చప్పట్లు కొట్టించుకుంటారు. వచ్చేసారి ఈ ఒక్క ప్రశ్న అడగండి. అడిగేవాళ్ళు లేకే ఇవి నానుతాయి.

అదే కార్‌ఫాక్ పోరాడి సాధించినది ఇంకోటుంది. ప్రభుత్వ గ్యాలరీలో బొమ్మ పెడితే కళాకారుడికి ఫీజు కట్టాలి. ప్రపంచంలో జాతీయ స్థాయిలో ఇది మొదలుపెట్టిన దేశం కెనడానే, 1975 నుంచి. 1988లో ఆ హక్కు చట్టంలోకి ఎక్కింది. ఫీజుల విషయంలో నేషనల్ గ్యాలరీతో వాదులాట సుప్రీంకోర్టు దాకా పోయి 2014లో కళాకారుల పక్షాన తీర్పు వచ్చింది. మరి మనమేం చేస్తున్నాం? హైదరాబాద్ నుంచి వచ్చే గాయకుడికి బిజినెస్ క్లాసు టికెట్టు. కెనడా డే నాడు డప్పు వాయించడానికి వచ్చే మూలవాసీ బృందానికి, స్టీల్‌పాన్ వాయించే జమైకా, ట్రినిడాడ్ కుర్రాళ్ళకి భోజనం కూపన్లు, ఒక సర్టిఫికెట్టు. అడిగితే "మీకు ఎక్స్‌పోజర్ వస్తుంది కదండీ". కార్‌ఫాక్ ఫీజుల పట్టిక అందరికీ అందుబాటులోనే ఉంది, మీ కోశాధికారికి చూపించండి.

పేరొచ్చినంత మాత్రాన బతుకు గట్టెక్కదు కూడా. ఆనీ పూటూగూక్ అని కింగైట్ నుంచి వచ్చిన ఇన్యూట్ అమ్మాయి. టీవీ చూస్తున్న కుటుంబం, చిప్స్ పాకెట్లు, గోడ గడియారం, తన చుట్టూ ఉన్న ఆర్కిటిక్ జీవితాన్ని రంగు పెన్సిళ్ళతో ఉన్నదున్నట్టు గీసింది. సీల్ జంతువులూ మంచు ఎలుగుబంట్లూ కోరుకునే కొనుగోలుదారులకి అది కొత్త. 2006లో కెనడాలో సమకాలీన కళకిచ్చే సోబీ అవార్డు, 50,000 డాలర్లు. మరుసటి ఏడాది జర్మనీలో డాక్యుమెంటా అనే పెద్ద కళా ప్రదర్శనలో చోటు. పదేళ్ళకి, 2016లో, ఒట్టావాలో రిడో నదిలో ఆమె శవం దొరికింది. చివరి ఏళ్ళలో వీధుల్లో, షెల్టర్లలో ఉంటూ సిగరెట్ల డబ్బు కోసం బొమ్మలు అమ్ముకుంది. నేషనల్ గ్యాలరీ ఉన్న ఊళ్ళోనే.

గ్యాలరీలు మారాయి, అది ఒప్పుకోవాలి. ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ ఒంటారియోలో 2017లో మూలవాసీ, కెనడియన్ కళలకి కలిపి ఒక విభాగం పెట్టి, వాండా నానిబుష్‌ని ఒక బాధ్యురాలిగా చేశారు. 2020లో ఆఫ్రికా, దాని డయాస్పొరా కోసం ఇంకో విభాగం, దానికి జూలీ క్రూక్స్. డెనీస్ థొమాసోస్ లాంటి ట్రినిడాడ్ మూలాల చిత్రకారిణి పెద్ద పెద్ద కాన్వాసులు 2022లో అక్కడ చూడగలిగామంటే ఆ మార్పు వల్లే. అయితే 2022 నవంబరులో నేషనల్ గ్యాలరీ మూలవాసీ కళ సీనియర్ క్యురేటర్ గ్రెగ్ హిల్‌ని తీసేసింది. 2023 నవంబరులో నానిబుష్ వెళ్ళిపోయారు, కళాకారులు నిలదీస్తే డైరెక్టరు బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. గోడ మీద బొమ్మకి చోటివ్వడం ఒక ఎత్తు, ఏ బొమ్మ పెట్టాలో తేల్చే కుర్చీ ఇవ్వడం ఇంకో ఎత్తు. ఈ గ్యాలరీలవాళ్ళు సౌత్ ఏషియన్ సంఘాల్ని అభిప్రాయ సేకరణకి పిలిచినప్పుడు మనం దీపావళికి హాలు ఇస్తారా అనే అడిగి వచ్చేస్తున్నాం. ఆ కుర్చీల గురించి కూడా ఒక మాట అడగండి. మన వాటా మనం అడుగుదాం, వాళ్ళ వాటాలోంచి కోసి కాదు.

ఇక బస్సుల సంగతి. టొరంటోలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ ఒంటారియోకి కూడా ఒకటి వేస్తే, లోపలికి రావడం ఇష్టం లేనివాళ్ళు దాని బయట డండాస్, మెక్‌కాల్ వీధుల మూలన దిగితే చాలు. అక్కడ మూలవాసీ కళాకారుడు బ్రయన్ జంగెన్ చేసిన కంచు ఏనుగు ఉంది, 2022లో నిలబెట్టారు. మన పెద్దవాళ్ళు చూడగానే దండం పెడతారు, నాకు తెలుసు. దగ్గరికి వెళ్ళి చూస్తే అది పాత తోలు సోఫాల ఏనుగు: కుట్లు, ముడతలు, జేబుల్లాంటి మడతలు, అన్నీ కంచులో. సర్కస్ బంతి మీద కాలు పెట్టి ఉంటుంది. 1885లో ఇదే ఒంటారియోలో, సెయింట్ థామస్ దగ్గర రైలు గుద్ది చనిపోయిన జంబో అనే సర్కస్ ఏనుగు అతని మనసులో ఉంది. తనవాళ్ళ డేనె-జా భాషలో దానికి పెట్టిన పేరుకి 'నా గుండె చీలిపోతోంది' అని అర్థం. వీధిలో ఉంది కాబట్టి టికెట్టు అక్కర్లేదు. లోపలికి కూడా 25 ఏళ్ళు, అంతకు లోపు వాళ్ళకి 2019లోనే ప్రవేశం ఉచితం చేశారు. కాబట్టి పిల్లల ఖర్చు అన్న సాకు చెల్లదు.

తర్వాతి కార్యవర్గ సమావేశం ఎజెండాలో దీన్ని పెట్టండి. బస్సు మాట్లాడటం, పులిహోర పొట్లాలు కట్టించడం నేను చూసుకుంటాను. గ్యాలరీ సిబ్బందిని ముందే అడిగితే చూపించి వివరించే మనిషిని ఇస్తారు. తెలుగులో చెప్పడానికి ఇద్దరు ముగ్గురు కాలేజీ పిల్లలు సిద్ధంగా ఉన్నారు, వాళ్ళకీ ఎంతో కొంత ఇవ్వాలి. టొరంటో గ్యాలరీకి సోమవారం సెలవు, తేదీ వేసేటప్పుడు చూసుకోండి.

ఇట్లు,
బ్రాంప్టన్ నుంచి ఒక సభ్యురాలు